పల్లేరు పూలబాట

“కండ్లు తెరువకు కమలా, ఇంకొక్క అడుగు!” అంటూ, ఈమధ్యే రిటైరైన కండక్టర్ గురులింగప్ప భార్యను చేని గట్టు మీదికి నడిపించాడు.

“అమ్మో!” కమలమ్మ మడమ పట్టుకుని కళ్లు తెరిచింది. గట్టంతా పసుపుపచ్చని పూలు.

“ఏందయ్యా, పూలబాట అని చెప్పి ముళ్లబాట ఏసినవు? ఇది పల్లేరు!”

“మంచిగ పూస్తదని కలుపు తీసేటోళ్లను గూడ ఇటు రానియ్యలే. నీ కొప్పుల పెడ్దామని...”

“లేతగున్నప్పుడు తెంపితే పప్పులకు కూరయ్యేది. పూత దాక ఇడిస్తే ముళ్లకాయలే. జహీరాబాద్, న్యాల్‌కల్ బస్సుల ఇన్నేండ్లు టికెట్లు కొట్టినవు గాని, ఏ మొక్కను ఏ స్టేజీల దింపాలెనో తెల్వదాయె!”

పక్క చేని వెంకట్ పకపకా నవ్వాడు. “అయితే చేను నాకు కౌలుకే గదా, వదినె?”

ఈ పంట నాటికి మొగుడు సేద్యం నేర్వకపోతే చేను కౌలుకిస్తానని కమలమ్మ వెంకట్‌కు మాటిచ్చి ఉంది.

గురులింగప్ప మోకాళ్ల మీద కూర్చుని ఆమె మడమలో ముల్లు తీశాడు. అప్పుడు కనిపించాయి కమలమ్మకు అతని అరికాళ్లు. ముళ్లు గుచ్చుకుని జల్లెడల్లా ఉన్నాయి.

“నీ చెప్పులేవి?”

“బాట కాడనే ఇడిసిన. గుచ్చుకుంటే తుమ్మముళ్లనుకున్న. భూమాత అని నువ్వు చేన్ల చెప్పులెయ్యవు గదా. నేనెట్ల ఏస్త?”

కమలమ్మ పక్క చేని వైపు తిరిగింది.

“వెంకట్, కౌలు లేదు గీలు లేదు. ఈయనకు చెట్టు తెల్వకున్నా చేను తెలిసింది.”

వంగి ఒక పల్లేరు పువ్వు తెంపి కొప్పులో పెట్టుకుంది.

“వచ్చే వానకాలం లేతగనే తెంపుదాం. జానెడు జాగ మాత్రం పూతకు ఇడువయ్యా.”