డెబ్బై కిలోల టర్కీ

ఆ ఉదయం ఐదున్నరకి లేచి, స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టాను. నీలం స్వెటర్, దాని మీద తెల్ల శాలువా, తలకి ఎర్ర మఫ్లర్ వేసుకుని, పూజకి గులాబీలు కోయడానికి పెరటి చివరికి వెళ్లాను. అడవి టర్కీ పుంజు తలకీ అవే మూడు రంగులుంటాయని తమ్ముడు చక్రపాణి ముందురోజే చెప్పాడు.

ఆస్టిన్ అవతల పదెకరాలతో ఇల్లు కొన్నాక వాడికి వేట పిచ్చి పట్టింది.

“కోడికి రైఫిల్ ఎందుకురా? ఆ తూటా మైలు దూరం పోతుందట. చెట్ల వెనక ఎవరున్నారో ఏం తెలుస్తుంది?” అని ముందురోజు రాత్రి భోజనాల దగ్గర అడిగాను.

“స్కోప్ ఉందిగా అక్కయ్యా. చూసుకోకుండా ఎవరైనా కాలుస్తారా?” అని నవ్వి, నిండా తూటాలున్న రైఫిల్‌ని తలుపు మూలన నిలబెట్టాడు.

గులాబీ పొద వెనక వంగి ఉండగా, వరండాలోంచి టక్కుమని చప్పుడైంది. మెల్లగా లేచి నిలబడ్డాను.

చక్రపాణి రైఫిల్ వదిలేసి పరిగెత్తుకొచ్చి గడ్డిలో కూలబడ్డాడు.

“టర్కీ అనుకున్నానక్కయ్యా.”

“డెబ్బై కిలోల టర్కీ ఉంటుందట్రా?”

వాడు నా కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. పూలు నలుగుతాయని బుట్ట పక్కన పెట్టాను.

సాయంత్రం అందరం కూర్చుని, రైఫిల్‌ని షాపులో తిరిగి ఇచ్చేయాలని నిర్ణయించాం. నింపిన తూటాలు మాయమవడం దేవుడి దయేనని మరదలు కళ్లు ఒత్తుకుంది.

నేను కాదనలేదు. దీపం పెట్టే ముందు వాటిని తీసి ఆ దేవుడి పటం వెనకే దాచాను.