మూడో చీటీ

"ప్రెయిస్, చీటీ తియ్యమ్మా. దేవుడు ఏది చూపిస్తే అదే కొందాం," అంటూ జీవన్ కుమార్ మడిచిన చీటీలు పెట్టిన బైబిల్ని కూతురి ముందుకు జరిపాడు.

ఆస్పత్రి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన అతని భార్య అబిగేయిల్ కోటు విప్పకుండానే ఆగిపోయింది. "ఏం కొంటున్నారు?"

"నాకు ఈ లీక్స్‌లిప్ ఆఫీసు నుంచి అమెరికాలో అరిజోనాకి బదిలీ కదా. అక్కడ మ్యాగ్నం రివాల్వరూ, దానికి జతగా రైఫిలూ ఉండాలి. రెండు రకాల జతలు చూశాను. ఏ జత తీసుకున్నా రివాల్వర్ తూటాలే రైఫిల్‌కీ పనికొస్తాయి. ఒకే మిక్సీకి రెండు జార్లనుకో!"

అబిగేయిల్ కోటు విప్పి కుర్చీమీద పడేసింది. ఇక్కడ ఐర్లండ్‌లో గార్డులనే పోలీసుల నడుముకే తుపాకీ ఉండదు. అక్కడ ఇల్లింకా చూడలేదు, పిల్లకి బడి చూడలేదు. తుపాకులు చూశాడు. పైగా వాటి పేర్లు తన బైబిల్లో!

"ఐ డోంట్ వాంట్ టు, డాడీ," అంటూ ప్రెయిస్ చేతులు వెనక్కి దాచుకుంది.

"ఐర్లండ్ వచ్చేముందు ఇలాగే తీశాం. మంచే జరిగింది!" అన్నాడు జీవన్ కుమార్.

అప్పుడు ఇంకో చీటీ కూడా ఉంది. "దేవుడు కాదనడానికీ చోటుండాలి," అని దానిమీద 'వద్దు' అని రాసింది జీవన్ కుమారే.

అబిగేయిల్ బైబిల్ తెరిచింది. రెండే చీటీలు.

"ఛీ!" అని పెన్ను తీసుకుని 'వద్దు' అని రాసి, మడిచి, వాటితో కలిపింది. "ఇప్పుడు ప్రార్థన చేసి మీరే తియ్యండి."

జీవన్ కుమార్ చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నాడు. "ప్రతిదానికీ దేవుణ్ని విసిగించకూడదు. నేనే చూసుకుంటాలే."

ఒక్కొక్క మడతా విప్పి చూసి, తన రెండు చీటీలూ జేబులో వేసుకున్నాడు.

మూడోది బైబిల్లోనే ఉండిపోయింది.