తడిమన్ను

"ఈ గల్లీ మూస్తే నా ఇంట్లకు నేను ఎగిరిపోవాల్నా దొరా?"

సుభద్రమ్మ గొంతు కామారెడ్డి బజారంతా వినిపించింది. ఊరి కమిటీ పెద్దలకు మాత్రం వినిపించలేదు. వాళ్లు పాన్ నములుతున్నారు.

"చూస్తం, పోమ్మా."

"ఏం చూస్తరు? ఆశన్న పునాది తవ్వబట్టె!"

"మేడ కడ్తనని అర్జీ పెట్టిండు. ఎవ్వలూ అడ్డం చెప్పలే."

"నేను చెప్తున్న గద!"

"చూస్తమన్నం గద!"

ఇదీ కమిటీ. కుర్చీలు అరగదీయడం తప్ప, ఒక్కనాడు లేచివచ్చి ఆ గల్లీ మొహం చూసిన పాపాన పోలేదు.

పక్కింటి ఆశన్న తునికాకు వ్యాపారి. తన ఇంటికీ సుభద్రమ్మ ఇంటికీ నడుమనున్న గల్లీని కలుపుకొని మేడ లేపడానికి ఇజాజత్, అదే అనుమతి, అడిగాడు. ఆ గల్లీ పోతే సుభద్రమ్మ ఇంటికి దారి లేదు. దారి లేని కొంపను ఎవరు కొంటారు? ఆశన్నే కొంటాడు, పప్పుబెల్లాలకు. వాడి ఆలోచనంతా అదే.

మొగుడు పోయిన ఆడది ఏం చేస్తుందిలే అనుకున్నాడు. సుభద్రమ్మ కమిటీని పక్కనబెట్టి పై అధికారికి అర్జీ పంపింది. ఆయన దౌరా మీద ఊళ్లు తిరుగుతూ వస్తున్నాడని, గల్లీ దగ్గరే విచారణ చేస్తాడని కబురొచ్చింది.

గట్టి మనిషే. కాని ఆమెకు నోరున్నంత పెద్దగా చెవులు లేవు.

విచారణనాడు పొద్దున్నే గల్లీ మొదట్లో ఒక ముసలమ్మ కూలబడి ఉంది. కాళ్లనిండా దుమ్ము. చేతిలో ఇత్తడి చెంబు.

"కొన్ని నీళ్లు పొయ్యి బిడ్డా."

"పొద్దుగాలనే మొదలువెట్టినవా? పో పో, ఇయ్యాల నాకు మస్తు పనున్నది."

"ఆశన్న ఇంట్లనే ఉన్నడా?"

సుభద్రమ్మకు అరికాలిమంట నెత్తికెక్కింది.

"ఓహో! వాడు తోలిండా నిన్ను?"

"వాడెందుకు తోలుతడు? నేనొచ్చింది వానికి తెల్వది. నీ గల్లీ కోసమే..."

"నా గల్లీతోని నీకేం పనే ముసల్దానా?"

ముసలమ్మ చెప్పబోయింది. చెప్పనిస్తే కదా!

నిట్టూర్చి లేచి, గోడవారన పశువులు నీళ్లు తాగే గోలెంలో చెంబు ముంచింది. ఆ నీళ్లు తాగలేదు. గల్లీలో ఇంత మన్ను తవ్వి, నీళ్లు పోసి పిసికి ముద్ద చేసింది. కళ్లు మూసుకొని ఏదో గొణుక్కుంటూ ఆ ముద్దను నెత్తిన పెట్టుకుంది.

"బాణామతి! వామ్మో, నా ఇంటిముందర బాణామతి చేస్తున్నదే!"

కమిటీ రాని గల్లీలోకి ఆ ఒక్క మాటకు బజారంతా వచ్చింది. చీపుర్లు, చెప్పులు లేచాయి. ఎవరో చెంబును తన్నారు. ఒక్క ముసల్దాని మీదికి ఇంతమంది ధైర్యవంతులు! ఛీ!

"కాదు బిడ్డా, నేను నడువనీకి వచ్చిన..."

"నడువు మరి! ఊరు దాటేదాక నడువు!" అని తోసింది సుభద్రమ్మ.

ఈ గోలకు ఆశన్న కిటికీ తెరుచుకుంది. అతను ముసలమ్మను చూశాడు. చప్పున రెక్క మూసుకున్నాడు.

"చూసిండ్రా, దొంగ మొఖం! చేయించింది వాడే!"

మూసుకున్న ఆ కిటికీ వంక ముసలమ్మ కాసేపు చూసింది. నెత్తిమీది మన్ను దించి, తీసిన చోటే మెల్లగా పెట్టింది. సొట్టపడ్డ చెంబు ఏరుకొని వెళ్లిపోయింది.

పొద్దెక్కాక అధికారి వచ్చాడు. కమిటీ పెద్దలకు అప్పుడు కాళ్లొచ్చాయి, వెనకాలే పరుగెత్తుకొచ్చారు.

"గల్లీ నీదేనని కాగితం ఉన్నదా?"

"లేదు దొరా. ఆశన్న బాపు మా మామకు నోటిమాట మీద ఇడిచిండు. ఇద్దరూ పోయిండ్రు."

"మీ దిక్కు ఒక రివాజు ఉన్నది గద. ఆనాటి సంగతి ఎరిగినోళ్లు తడిమన్ను నెత్తిన పెట్టుకొని హద్దు నడవాలె. అబద్ధం నడిస్తే భూదేవి ఊకోదంటరు. గట్ల ఎవలన్న నడిస్తే నేను ఒప్పుకుంట."

సుభద్రమ్మ కిందికి చూసింది. తీసిన చోటే పెట్టిన మన్నుముద్ద ఆమె కాళ్ల దగ్గరే ఎండుతోంది. గల్లీ మొదటిదాకా ఉరికి చూసింది, ముసలమ్మ ఎటు పోయిందో జాడ లేదు.

అధికారి ఆశన్న వైపు తిరిగాడు. "నీ దిక్కు పెద్దలెవలన్న ఉన్నరా?"

"అందరూ పోయిండ్రు దొరా. నేనొక్కన్నే మిగిలిన," అని ఆశన్న కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

ఆశన్నకు ఇజాజత్ దొరికింది. కమిటీ పెద్దలకు ఆశన్న ఇంట్లో భోజనాలు దొరికాయి.

పొద్దుగూకేవేళ ఎల్లారెడ్డి నుంచి బండి కట్టుకొని బాలనర్సయ్య అనే ఆయన వచ్చాడు.

"అమ్మా, మా అత్త గౌరవ్వ గిటు వచ్చిందా? చేతిల ఇత్తడి చెంబుంటది. గల్లీ మీద విచారణని విని, వద్దన్న వినకుండ నడుసుకుంట బయలెల్లింది."

సుభద్రమ్మ బండి దగ్గరికి ఉరికింది. "వచ్చింది. నేనే... నేనే ఎల్లగొట్టిన అన్నా. నా గల్లీ సంగతి ఆమెకెట్ల తెల్సు?"

"తెల్వకేంది? ఆ మాట ఇచ్చిననాడు పక్కన నిలబడ్డదే ఆమె. నువ్వు కాపురానికి రాకముందే కొడుకుతోని చెడి మా తాన ఉంటున్నది. ఇన్నేండ్లకు ఈ బజార్ల ఆమె మొఖం ఎరిగినోళ్లే లేకపాయె. కొడుకు అన్నెం చేస్తుంటే చూసుకుంట సావలేనన్నది."

"కొడుకా? ఎవలా కొడుకు?"

బాలనర్సయ్య చెర్నకోల ఎత్తి, పొద్దుటి నుంచి మూసే ఉన్న ఆశన్న కిటికీని చూపించాడు.