ఒక్క గోడే అడ్డం

"ఆయన గొంతు వింటేగానీ నేను కారెక్కను."

జైనాబ్ సంచి కింద పెట్టి ఎస్టీడీ బూత్ మెట్టు మీద కూర్చుంది. ఏజెంటు కొండయ్యకి ఒళ్లు మండింది. రేపు రాత్రికి బొంబాయిలో విమానం. వీళ్లింకా పక్కనున్న మొవ్వ కూడా దాటలేదు.

"ఏవమ్మా, విమానమంటే బందరు ప్యాసింజరనుకున్నావా, చెయ్యెత్తితే ఆగటానికి?"

"ఆగకపోతే పోనీండి. కువైట్ ఎక్కడికీ పారిపోదుగా."

బూత్ నడిపే గంగాధరరావు లోపల్నించి కిసుక్కున నవ్వాడు. కొండయ్య అతని వంక కొరకొరా చూశాడు.

"రమ్మని మీ ఆయన ఉత్తరం రాశాడా లేదా? నా చేత్తో తెచ్చిచ్చానా లేదా?"

"ఈ మూడేళ్లూ ఆయన ఉత్తరాలన్నీ మీ చేతి మీదుగానే వచ్చాయి. ఒక్కదానికీ స్టాంపు లేదు."

"పోస్టులో వేస్తే నెల్లాళ్లమ్మా. వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపుతున్నాడు. అదీ తప్పేనా?"

"తప్పని కాదండీ. రెండేళ్లదాకా తిరిగి రావటానికి లేదని సంతకం పెట్టించారు. పాస్‌పోర్టు నేను పనిచేసే ఇంటివాళ్లే పెట్టుకుంటారన్నారు. ఊరుగాని ఊళ్లో ఆయన పక్కనుంటాడన్న ఒక్క ధైర్యంతోనే కదా నేను వెళ్తోంది. ఆ ముక్క ఆయన నోటితో చెప్పమనండి."

"ఆరింటికి ఫోన్ చేస్తాడన్నానుగా! మొగుడి దగ్గరికి పొమ్మని పెళ్లాన్ని బతిమాలటం నా సర్వీసులో ఇదే మొదటిసారి."

జైనాబ్ సంచి దగ్గరికి లాక్కుంది. పొద్దున్నే బందరు వెళ్లి తండ్రికి చెప్పి వచ్చింది. ఇబ్రహీం సాయిబు అక్కడి మసీదులో మౌజన్. ముప్ఫై ఏళ్లుగా రోజుకి అయిదుసార్లు అజాన్ ఇచ్చేది ఆయనే. ఉబ్బసం ముదిరినా మైకు వదల్లేదు. 'హయ్య అలల్ ఫలాహ్', అంటే మేలుకు రండి, అని పిలిచే చోట సరిగ్గా మాట మధ్యలో ఊపిరందక దగ్గుతాడు. పేటలో పిల్లలు ఆ దగ్గుతో సహా ఆయన్ని అనుకరిస్తారు. అల్లరివాళ్లయితే దగ్గు ఒక్కటే అనుకరిస్తారు.

"అజాన్ ఎక్కడైనా ఒక్కటేనమ్మా. కువైట్‌లో వినపడ్డప్పుడల్లా మీ అబ్బా పిలుస్తున్నాడనుకో," అని నెత్తిన చెయ్యి పెట్టి పంపాడు. అత్తవారి ఈ పల్లెలో మసీదు లేదు. అజాన్ వినాలంటే ఇన్నాళ్లూ ఆమె పుట్టింటికే వెళ్లాల్సి వచ్చేది.

ఆరు దాటింది. చీకట్లు ముసురుకుంటుండగా ఫోను మోగింది. గంగాధరరావు ఎత్తి, "అమ్మాయ్, మీ పర్వేజే. లోపలికెళ్లి తలుపేసుకుని మాట్లాడు," అన్నాడు.

జైనాబ్ అద్దాల గదిలోకి పరిగెత్తింది.

"ఏమండీ..."

"ఏంటి, మొండికేశావంట?"

"మీకెవరు చెప్పారు?"

అటువైపు రిసీవరు చెయ్యి మారిన చప్పుడు.

"నీ సంగతి నాకు తెలీదా? నిఖా రోజున చెప్పు తెగిందని గంటసేపు గడప దాటని మనిషివి."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మూడేళ్ల తర్వాత అదే గొంతు.

"పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టుందండీ."

"ఇక్కడి లైన్లు అంతే. మన ఊళ్లోలాగా గొంతు చించుకోనక్కర్లేదు."

"తిన్నారా?"

"ఇప్పుడే. ఇక్కడింకా మూడున్నరేగా, ఎండ నెత్తి మాడ్చేస్తోంది. చూడు జైనాబూ, నువ్వు పనిచేసే ఇల్లు, నేను కారు తోలే ఇల్లు పక్కపక్కనే. ఒక్క గోడే అడ్డం. పొద్దున్నే కారు కడిగేటప్పుడు హారన్ కొడతా, నువ్వు కిటికీలోకి రా. శుక్రవారం సెలవు, ఇద్దరం సముద్రం ఒడ్డుకి పోదాం."

"విమానం దిగేసరికి ఉంటారుగా? నాకు అక్కడి భాష ఒక్క ముక్క రాదు."

"కారుతో సహా ఉంటా."

"అబ్బా మీద ఒట్టేసి చెప్పండి."

"మీ అబ్బా మీద ఒట్టు. చాలా? కొండయ్యన్న ఏం చెప్తే అది చెయ్యి. ఎదురు ప్రశ్నలెయ్యకు."

అతని మాట వెనక ఏదో చిన్నగా గరగరమంది. మైకు సరిచేస్తున్న చప్పుడు. ఆ వెంటనే, 'అల్లాహు అక్బర్'... దూరం నుంచి, గాలిలో తేలుతూ.

"ఏమండీ! అజాన్ వినిపిస్తోంది!"

"ఆఁ... ఇక్కడ సందుకో మసీదు. మూడున్నర కదా, అసర్ నమాజు వేళ. ఇంక పెట్టేస్తా, బిల్లవుతుంది."

"ఒక్క నిమిషం ఉండండి. విననీయండి."

ఆమె కొంగు తల మీదికి లాక్కుని రిసీవరు చెవికి అదుముకుంది. నిజమే, అజాన్ ఎక్కడైనా ఒక్కటే. అదే సాగదీత, అదే విరుపు. అబ్బా చెప్పినట్టు కళ్లు మూసుకుంటే చాలు, పుట్టింటి వాకిట్లో నిలబడ్డట్టే ఉంది. గుండెలో బరువంతా దిగిపోయింది. అద్దంలోంచి కొండయ్యకి సంచి చూపించి, కారులో పెట్టమని సైగ చేసింది. అతను ఒక్క అంగలో వచ్చి సంచి అందుకున్నాడు. డిక్కీ మూత ధడేలుమంది.

"హయ్య అలల్..."

గొంతు ఆగింది.

కువైట్ మసీదులో ఆమె తండ్రి రెండుసార్లు దగ్గాడు.