శనివారం నాటి మెట్లు

"టవల్ ఇంకాస్త వెనక్కి జరుపు. పొట్ట మధ్యన కాదు, వెనక కాళ్ళకి కాస్త ముందు. ఆఁ, ఇప్పుడు ఎత్తు, నెమ్మదిగా" అన్నాడు కింది వాటా హెబర్లె.

వీబ్కే టవల్ రెండు అంచులూ పట్టుకుని ఎత్తింది. పెరటి గడ్డిలో ఫిప్స్ ముందు కాళ్ళతో రెండడుగులు వేశాడు. వెనక కాళ్ళు వాడివి కానట్టు వేలాడుతూ వచ్చాయి. ఏడాదిన్నర వయసు డాక్స్‌హుండ్ జాతి కుక్క వాడు. జానెడు కాళ్ళ మీద బారెడు నడుము. ఇప్పుడు ఆ నడుమే దెబ్బతింది.

వెన్నుపూసల మధ్య బిళ్ళ జారిందని పశువుల డాక్టరమ్మ చెప్పింది. ఆరు వారాలు బోనులో కదలకుండా ఉంచాలి, ఒంటికీ రెంటికీ టవల్ ఊతంతో బయటికి తీసుకెళ్ళాలి, అప్పటికీ కాళ్ళు రాకపోతే ఇక ఆశ పెట్టుకోవద్దంది. వీబ్కే ఆ మాటను రోజుకి పదిసార్లు తలుచుకునేది.

స్టుట్‌గార్ట్‌లో అద్దెకుండేవాళ్ళకి దేవుడి మీద భక్తి తక్కువైనా చెల్లుతుంది, మెట్ల మీద తక్కువైతే చెల్లదు. ఊడ్పు వారం వంతు వచ్చినవాళ్ళ తలుపుకి చెక్క పలక వేలాడుతుంది. శనివారానికల్లా ఆ ఇంటివాళ్ళు మెట్లు ఊడ్చి తుడవాలి. జర్మనీ ఉత్తరపు సముద్రతీరం నుంచి వచ్చిన వీబ్కేకి ఈ పద్ధతి రెండేళ్ళయినా ఒంటబట్టలేదు. కింద వాటా హెబర్లె తన వారంలో చెక్కమెట్లకి మైనం పట్టించి ముఖం కనిపించేదాకా రుద్దేవాడు. ఇతరుల వారంలో కటకటాల మీద వేలు రాసి చూసి, దుమ్ము అంటితే తలుపు తట్టేవాడు. ఎక్కువగా తట్టింది వీబ్కే తలుపే.

ఫిప్స్‌కి దెబ్బ తగిలిన శనివారం పలక వీబ్కే తలుపుకే ఉంది. హడావిడిగా మెట్లు తుడిచి, ఫిప్స్‌ని ఇంట్లో ఉంచి బజారుకెళ్ళింది. గంటకి పైగా అయ్యాక వెనక గుమ్మం మెట్ల మీదుగా ఇంట్లోకొచ్చి, వాణ్ణి షికారుకి తీసుకెళ్దామని ముందు తలుపు తీసింది. వాడు ఎప్పటిలాగే ముందు ఉరికాడు. నాలుగో మెట్టు మీద కాళ్ళు జారి, కిందిదాకా దొర్లాడు. ఆ కేక వినగానే హెబర్లె నడుముకి ఏప్రన్‌తో, చేతిలో గుడ్డతో పరుగెత్తుకొచ్చాడు. కేకులు కాల్చే రేకు మీద ఫిప్స్‌ని కదలకుండా పడుకోబెట్టి ఆస్పత్రికి మోసింది ఆయనే.

గంటసేపట్లో మెట్లు ఆరకపోవడమేమిటో వీబ్కేకి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. గుడ్డ సరిగ్గా పిండలేదేమో, తొందరలో నీళ్ళు ఎక్కువ పోసిందేమో. ఎటు తిప్పినా తప్పు తన చేతి దగ్గరికే వచ్చి ఆగేది.

మర్నాటి నుంచి హెబర్లె రోజుకి నాలుగుసార్లు పైకి రావడం మొదలెట్టాడు. మాత్రని లివర్ సాసేజ్‌లో దాచి తినిపించేవాడు. వీబ్కే బేకరీ పనికెళ్తే బోను పక్కన స్టూలేసుకుని కూర్చునేవాడు. మెట్లన్నిటికీ తన చేత్తో తివాచీ ముక్కలు పరిచి మేకులు కొట్టాడు. చనిపోయిన ఆయన భార్య కూడా ఇలాంటి కుక్కనే పెంచిందని, దాని నడుము పట్టేసినప్పుడు ఈ సేవంతా ఆయనే చేశాడని పై వాటా ఇర్మ్‌గార్డ్ చెప్పింది. మిగతా వాటాలవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు.

"ఏం హెబర్లె, నీ మైనం డబ్బా ఎవరైనా ఎత్తుకుపోయారా?" అని ఇర్మ్‌గార్డ్ మెట్ల మీదే ఆయన్ని పట్టుకుంది. "నెలయింది, ఒక్క తలుపూ తట్టలేదు. ఒంట్లో బాగానే ఉందా?"

"కుక్క తిరిగే ఇంట్లో మైనమెందుకు" అని ఆయన తల దించుకుని వెళ్ళిపోయాడు.

నాలుగో వారంలో ఫిప్స్ తోక కదిలింది. ఆరో వారం చివర, డాక్టరమ్మ నడిపించి చూడమన్న రోజున, పెరట్లో టవల్ వదలగానే తాగినవాడిలా అటూ ఇటూ ఊగి, నాలుగడుగులు సొంతంగా వేసి హెబర్లె బూటు మీద గడ్డం ఆనించాడు. వీబ్కే ఏడ్చేసింది. హెబర్లె ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రం ఆమె ఫిప్స్‌ని ఎత్తుకుని, గిన్నె, దుప్పటి, వాడి మెడకి కట్టే తోలు పట్టెడ పట్టుకుని కింది వాటా తలుపు తట్టింది. హెబర్లె పొయ్యి మీద పప్పులో సాసేజ్ వేస్తున్నాడు.

"వీణ్ణి మీరే ఉంచుకోండి, హెబర్లె గారూ."

"అదేంటి? వాడు నీ కుక్క కదా."

"నా వల్లే వాడి నడుము పోయింది. తడిగుడ్డ పిండటం చేతకానిదాన్ని, ఒక ప్రాణిని ఏం పెంచుతాను? ఈ ఆరు వారాలూ వాడి కళ్ళలోకి చూడలేకపోయాను." ఆమె ఫిప్స్‌ని కిందికి దించి, పట్టెడని బల్ల మీద పెట్టింది. "మీ దగ్గరుంటే వాడికిలా అయ్యేది కాదు."

ఆ వాటాలో కుక్క గోళ్ళ చప్పుడు వినిపించి తొమ్మిదేళ్ళయింది. ఫిప్స్ అప్పుడే ఆయన చెప్పు వాసన చూస్తూ తోక ఊపుతున్నాడు. హెబర్లె పట్టెడ తీసుకుని చేతికి చుట్టుకున్నాడు. ఒక్కసారి తలూపితే చాలు, వాడు ఆయనవాడే.

పప్పు మాడుతున్నా పొయ్యి కట్టెయ్యలేదు. కాసేపటికి పట్టెడ విప్పి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టి, వేళ్ళు మూశాడు.

"ఇది ఆ రోజే చెప్పాల్సింది, అమ్మాయ్. రోజూ చెబుదామనే పైకొచ్చాను, రోజూ నోరు పెగల్లేదు" అన్నాడు.

"ఏంటది?"

"ఆ శనివారం నువ్వు తుడిచి వెళ్ళాక, మళ్ళీ మైనం రుద్దింది నేనే."