గోడ దిక్కు కుర్చీ

గల్ఫ్‌ల, ఏషియన్ టౌన్ గ్రౌండ్ల మా లేబర్ క్యాంప్ క్రికెట్ టీము వరుసగ మూడు మ్యాచ్‌లు ఓడింది. మూడూ నేను డ్యూటీ ఎగ్గొట్టి చూసినవే.

నాలుగోదానికి కెప్టెన్ బుచ్చన్న నా కుర్చీని గోడ దిక్కు తిప్పిండు. “అన్నా, దండం పెడత. నువ్వు మాత్రం చూడకు.”

సిక్సర్లు పడుతుంటె గోడను చూసుకుంటనే చప్పట్లు కొట్టిన. గెలిచినం!

సంబురం ఒకదిక్కు, అవమానం ఒకదిక్కు. ఊర్లె ఉన్న నా పెండ్లాం పోచవ్వకు ఫోన్ చేసిన. “గీళ్ళకు నా విలువ తెల్వదే! నేనిక్కడికొచ్చిననాడు మన ఊరి టీము దండలేసి బస్సెక్కించలేదా?”

పోచవ్వ కిసుక్కున నవ్వింది. “నువ్వు గల్ఫ్ పోయినకాడికెల్లి మనోళ్ళు ఒక్క మ్యాచ్ ఓడలే. సెలవుకొస్తె ఆటలుండని వానకాలంల రమ్మంటున్నరు.”