బాలి వేషం

"కట్! ఆసిఫ్, మళ్లీ దోమను తోలినట్టే చేశావు."

దర్శకురాలు దుర్గ మైకులో అన్న ఆ మాటకు పర్ణశాల దగ్గర గోదావరి ఇసుకలో ఉన్న యూనిట్ అంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా భాస్కర్ నవ్వాడు.

ఆసిఫ్‌కు కడుపు రగిలిపోయింది.

రగలదా మరి? ఇద్దరూ ఖమ్మంలో ఒకే డాన్స్ స్కూల్లో చెమటోడ్చినవాళ్లే. ఇప్పుడు భాస్కర్‌కు హరిలాల్ మాస్టర్ వేషం, ఏసీ వ్యాను, గొడుగు. ఆసిఫ్‌కు మాస్టర్ పక్కన ఉండే బాలి వేషం, ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఆ కుర్చీలో కూడా ఎప్పుడు చూసినా ఇంకెవరో కూర్చునే ఉంటారు.

హరిలాల్ మాస్టర్ ఈ పక్క తండాలోనే పుట్టి, సినిమాలకు డాన్సులు కట్టి, పెద్ద పేరు తెచ్చుకుని పోయినాయన. రెండు వేళ్లు నుదుటి మీదుగా లాగి, తల ఓరగా వంచి, గిర్రున తిరగడం ఆయన మార్కు. చెమట తుడుచుకోబోతే పుట్టిన స్టెప్ అని అందరూ చెప్పుకుంటారు. పోయే ముందు మాత్రం ఒక టీవీలో, "ఆ స్టెప్‌లో సగమే నాది. మిగతా సగం బాలిది" అన్నాడు.

ఆ బాలి ఎవరో చెప్పలేదు.

"బాలి అనే డాన్సరు ఉండేవాడట, మీకు తెలుసా?" అని దుర్గ మనుషులు భద్రాచలం నుంచి వేంసూరు దాకా అడిగారు. అలాంటివాడు ఎవడూ లేడన్నారు జనం. ఇక లాభం లేక బాలిని దుర్గే ఊహించి రాసుకుంది. మీసం కూడా పెట్టింది.

ఆ స్టెప్పును బాలి మాస్టర్‌కు నేర్పే సీన్ ఇవాళ. సినిమా మొత్తంలో ఆసిఫ్ ముందుండి, భాస్కర్ వెనకుండే సీన్ ఇదొక్కటే.

"సాయంత్రంలోగా నీకు రాకపోతే సీన్ మార్చేస్తా," అంది దుర్గ. "స్టెప్ మాస్టరే కనిపెట్టినట్టు భాస్కర్‌తో తీస్తా."

"నాకు ఓకే మేడం," అన్నాడు భాస్కర్, తనను అడక్కముందే.

ఆసిఫ్ పళ్లు నూరుకుంటూ ఏటిగట్టు ఎక్కాడు. గట్టు మీద ఒక లంబాడీ ముసలమ్మ నిలబడి ఉంది. అద్దాల రవికె, తల మీద వెలిసిపోయిన ముసుగు.

"బాలి ఏషం ఎవరు ఏస్తుండ్రు బిడ్డా?"

ఆసిఫ్‌కు ప్రాణం లేచొచ్చింది. షూటింగ్ మొదలయ్యాక తన కోసం అడిగిన మొదటి మనిషి!

"నేనే అవ్వా. నేనే బాలి."

ముసలమ్మ అతన్ని కాళ్ల నుంచి పైదాకా చూసింది. చూపు మీసం దగ్గర ఆగింది. కిసుక్కున నవ్వేసింది. మగవాళ్ల ముందు నవ్వినందుకు సిగ్గేసిందేమో, తల ఓరగా వంచి, రెండు వేళ్లతో ముసుగు ముందుకు లాక్కుంది.

లేచొచ్చిన ప్రాణం ఉసూరుమంది.

"ఎందుకు నవ్వుతున్నవ్?"

"ఏం లేదు బిడ్డా..."

అప్పుడే కింద ఇసుకలో భాస్కర్ గిర్రున తిరిగాడు. ముసలమ్మ నవ్వు ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"ఆ పిలగాడు అచ్చం మా హరిలాల్ లెక్కనే ఉండు."

ఆసిఫ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. దారిన పోయే ముసలమ్మకు కూడా భాస్కరే కావాలా!

"అయితే ఆని కాడికే పో."

"నీతోటే పని బిడ్డా. నీ ఏషం గురించి ఒక్క ముచ్చట చెప్పాలె."

"అందరూ నాకు చెప్పెటోళ్లే! మొహసిన్ భాయ్, ఈమె షాట్‌కు అడ్డమొస్తుంది. జల్దీ పంపియ్."

ప్రొడక్షన్ మేనేజర్ మొహసిన్ పరుగున వచ్చాడు. "నడు అవ్వా, నడు."

"పొమ్మంటున్నవా?" అందామె. అడిగింది మొహసిన్‌ను కాదు, ఆసిఫ్‌ను.

"అవ్. పో."

ఆమె వెనక్కి తిరిగింది. రోడ్డు మీద భద్రాచలం బస్సు ఆగితే ఎక్కి వెళ్లిపోయింది.

పొద్దు వాలేదాకా ఆసిఫ్ దోమలు తోలుతూనే ఉన్నాడు. సీన్ భాస్కర్‌కు పోయింది. ఒకే టేక్‌లో ఓకే అయింది. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టకపోతే కుళ్లు అనుకుంటారని ఆసిఫ్ కూడా కొట్టాడు.

ప్యాకప్ చెప్పే వేళకు ఒక ఆటో వచ్చి ఆగింది. నడిపే మనిషి పేరు రెడ్యా, పక్క తండావాడు. మానిటర్లో భాస్కర్ షాట్ ఆడుతుంటే వచ్చిన పని మరిచి చూస్తూ నిలబడ్డాడు.

"ఇదేంది మేడం, మొగోడు ముసుగు లాక్కుంటుండు?"

"ముసుగు కాదయ్యా, చెమట," అంది దుర్గ.

"చెమట గట్ల తుడుస్తరా? మా ఆడోళ్లు మామ ఎదురొస్తే గిట్ల లాక్కుంటరు."

గట్టు మీద ముసలమ్మ ముసుగు లాక్కున్న రెండు వేళ్లు ఆసిఫ్‌కు గుర్తొచ్చాయి.

"గది ఇడువుండ్రి. మా మేనత్త ఈడికి వచ్చిందా? ఇంట్ల చెప్పకుంట బస్సెక్కింది."

మొహసిన్ ఆసిఫ్ వైపు చూశాడు.

"వచ్చింది," అన్నాడు ఆసిఫ్. "నేనే పొమ్మన్న. కోపంల అనేసిన అన్నా! రేపు నేనే బండి తీస్కొని వస్త. నాకేదో ముచ్చట చెప్పాలంది."

రెడ్యా తల అడ్డంగా ఊపాడు.

"పొమ్మన్న కాడికి మా మేనత్త మళ్ల రాదు సార్. కాళ్లు పట్టుకున్నా రాదు. ఎనుకట పేరొచ్చినంక హరిలాల్ మాస్టర్ గూడ గట్లనే పొమ్మన్నడు. మళ్ల ఆయన మొకం సూడలే. ఆయన పోయినప్పుడు గూడ పోలే."

దుర్గ చేతిలోని మైకు కిందికి దిగింది.

"ఆమె పేరేంటి?"

"బాలి," అన్నాడు రెడ్యా. "మా కాడ అది ఆడపిల్ల పేరు మేడం."